ఫైర్‌ఫ్లై ఒడలు, ఎం4 తల: దక్కన్ హార్స్ షెర్మన్‌ను మూడు కిట్లతో కట్టిన తీరు

1945 మార్చి 29న బర్మాలో మెయిక్తిలా వెళ్లే దారిలో తీసిన ఫోటో ఒకటి ఉంది. 9వ రాయల్ దక్కన్ హార్స్‌కు చెందిన సి స్క్వాడ్రన్ షెర్మన్ ట్యాంకులకు, జపాన్ సైన్యం చేతుల్లోంచి అప్పుడే విడుదలైన ఏనుగు ఒకటి ఎదురవుతుంది. చూసిన వారందరూ ఏనుగు గురించే మాట్లాడతారు. నా చూపు మాత్రం రెజిమెంటు పేరు దగ్గర ఆగిపోయింది. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. దక్కన్ హార్స్ 1790లో నిజాం కొలువులో పుట్టిన ఆశ్విక దళం. హైదరాబాద్ కాంటింజెంట్‌లో (నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన సేన) చాలాకాలం ఉండి, 1921లో 20వ దక్కన్ హార్స్, 29వ లాన్సర్స్ కలిసి ఒక్కటయ్యాక 9వ నంబరు తీసుకుంది. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి దగ్గర 20వ దక్కన్ హార్స్ రౌతులు గుర్రాల మీద బల్లేలతో దాడి చేశారు. ముప్పై ఏళ్లు తిరగకముందే వారి వారసులు ముప్పై టన్నులు దాటిన షెర్మన్లతో ఐరావతి నది దాటారు. ఆ బండిని 1/35 స్కేలులో, అంటే అసలులో 35వ వంతు సైజు ప్లాస్టిక్ మోడల్‌గా, నా బల్ల మీద నిలబెట్టాలనిపించింది.

ఆ రూపానికి సరిపోయే కిట్లు, అంటే భాగాలు అతికించి మోడల్ కట్టుకునే పెట్టెలు, లోకంలో లేకపోలేదు. కానీ నేను వెతికిన నెలల్లో ఎక్కడా దొరకలేదు. దొరికినవి మూడు: ఒక ఫైర్‌ఫ్లై (బ్రిటిష్ ఫిరంగి అమర్చిన షెర్మన్) కిట్టు, తొలి ఉత్పత్తి ఎం4 (షెర్మన్‌కు అమెరికా పేరు) కిట్టు ఒకటి, ఒక మిత్రుడు అటక మీద నుంచి దించి ఇచ్చిన పాత షెర్మన్ కిట్టు. ఈ మూడింటి నుంచి ఒక్క బండి ఎలా వచ్చిందో, ఎక్కడ తప్పు చేశానో, ఎలా దిద్దుకున్నానో వివరంగా రాస్తున్నాను. వేరువేరు కిట్ల భాగాలు కలపాలనుకునే వారికి కొలతలతో సహా ఉపయోగపడాలని నా కోరిక.

షెర్మన్లలో ఏ షెర్మన్?

షెర్మన్ అన్న పేరు కింద అరడజను వేరువేరు బండ్లు ఉన్నాయి. పోత ఉక్కు హల్ (ట్యాంకు ఒడలు) ఉన్నది ఎం4ఏ1, డీజిల్ ఇంజన్లది ఎం4ఏ2, ఫోర్డ్ ఇంజన్‌ది ఎం4ఏ3. బ్రిటిష్ సైన్యం వీటినే షెర్మన్ 1, 2, 3, 4, 5 అని పిలిచింది. దక్కన్ హార్స్ ఉన్న 255వ భారత ట్యాంకు బ్రిగేడ్‌తో బర్మాలో పోరాడినది షెర్మన్ 5, అంటే అమెరికా లెక్కలో ఎం4ఏ4. దీన్ని క్రిస్లర్ సంస్థ డెట్రాయిట్ ట్యాంకు కర్మాగారంలో 1942 జూలై నుంచి 1943 సెప్టెంబరు వరకు 7,499 తయారు చేసింది. అత్యధికం బ్రిటన్‌కు, అక్కడి నుంచి ఆ సామ్రాజ్యపు సేనలకు వెళ్లాయి.

ఈ బండి కథ నాకు ఎంతో ఇష్టం. మొదటి షెర్మన్లకు వాడిన విమాన ఇంజన్లకు కొరత వచ్చినప్పుడు క్రిస్లర్ ఇంజనీర్లు ఆరేసి సిలిండర్ల కారు ఇంజన్లు ఐదింటిని ఒకే క్రాంక్‌కేసు చుట్టూ బిగించి, 30 సిలిండర్ల ఇంజన్ ఒకటి తయారు చేశారు. ఉన్న వస్తువులను కలిపి లేని వస్తువును పుట్టించారన్నమాట. నేను బల్ల మీద చేస్తున్న పని ఆ కర్మాగారం అంతకు ముందే ఉక్కుతో చేసింది. అయితే ఆ ఇంజన్ మామూలు షెర్మన్‌లో పట్టలేదు. హల్‌ను 11 అంగుళాలు, అంటే సుమారు 28 సెంటీమీటర్లు పొడిగించారు. చక్రాలను జతలుగా మోసే బోగీల మధ్య దూరం పెరిగింది. ఇంజన్ కప్పు మీద ఒక ఉబ్బు, కింద పొట్టకు మరో ఉబ్బు వచ్చాయి. చక్రాల చుట్టూ తిరిగే చైనుకు ఒక్కో పక్క 79 లింకులు ఉండేవి 83 అయ్యాయి.

1/35లో 28 సెంటీమీటర్లు అంటే సరిగ్గా 8 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరంత. ఆ 8 మిల్లీమీటర్ల దగ్గరే నేను మొదట దెబ్బతిన్నాను.

మొదటి ప్రయత్నం ఎందుకు పాడైంది

నా ఆలోచన ఇది. పాత కిట్టు హల్‌ను మధ్యలో అడ్డంగా కోసి, 8 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలక ఇరికించి అతికిస్తే ఎం4ఏ4 వచ్చేస్తుంది. సన్న రంపంతో కోశాను, పలక పెట్టాను, జిగురు రాశాను, పుట్టీ వేసి అరగదీశాను. రెండు రోజుల తర్వాత గాజు పలక మీద పెట్టి చూస్తే హల్ అరటికాయలా వంగి ఉంది. జిగురులోని ద్రావకం రెండు అతుకుల్లోనూ ప్లాస్టిక్‌ను మెత్తబరచి, ఆరేటప్పుడు ఒక వైపు లాగింది.

వంపును దిద్దగలిగేవాణ్ణే. కానీ అప్పుడు మొదటిసారి వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) తీసి అసలు కొలతలతో పోల్చాను. ఈ పని కోయక ముందే చేసి ఉండాల్సింది. షెర్మన్ వెడల్పు 103 అంగుళాలు. 1/35లో 74.7 మిల్లీమీటర్లు రావాలి. నా పాత కిట్టు 77 దాటింది.

దీనికి ఒక చరిత్ర ఉంది. పాత ట్యాంకు కిట్లు చాలా వరకు మోటారుతో నడిచే బొమ్మలుగా పుట్టాయి. లోపల బ్యాటరీలు, గేర్లు పట్టాలి కాబట్టి హల్ కొలతలు అటూ ఇటూ సాగదీసేవారు. అసలు 1/35 అన్న వింత స్కేలు కూడా అలా వచ్చినదే. 1960ల ఆరంభంలో టామియా సంస్థ పాంథర్ ట్యాంకు బొమ్మను రెండు బ్యాటరీలు పట్టేంత పరిమాణంలో తయారు చేసింది. అది బాగా అమ్ముడుపోయాక, అదే స్కేలులో మరిన్ని చేద్దామని కొలిచి చూస్తే అసలు ట్యాంకులో 35వ వంతు వచ్చింది. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న స్కేలును బ్యాటరీల సైజు నిర్ణయించింది. అందుకే పెట్టె మీద 1/35 అని ఉన్నంత మాత్రాన రెండు కిట్లు ఒకదానికొకటి సరిపోతాయనుకోకూడదు. కొలిచి తీరాలి.

కోసిన హల్‌ను పక్కన పెట్టేశాను. తర్వాత రంగులు ముందుగా వేసి చూసుకోవడానికి అది పనికొచ్చింది.

అసలు అతుకు ఎక్కడుంది?

ఆ వైఫల్యం తర్వాత వారం రోజులు ఏదీ కోయలేదు, అతకలేదు. పాత ఫోటోలు, కొలతల బొమ్మలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు తట్టినదే ఈ మోడల్ మొత్తాన్ని నడిపించింది. నేను హల్‌ను కోసింది కర్మాగారంలో ఏ అతుకూ లేని చోట. నిజమైన బండికి అక్కడ ఒకే పలక ఉంటుంది. ఆ పలక మధ్యలో నేను రెండు అతుకులు పెట్టి, వాటిని దాచడానికి తంటాలు పడ్డాను. అదే నిజమైన బండికి అతుకు ఉన్న చోట మన అతుకు వేస్తే దాచాల్సిన పనే లేదు. అక్కడ గీత కనబడాలి కూడా.

షెర్మన్‌లో అలాంటి చోట్లు బోలెడు. టరెట్, అంటే ఫిరంగి ఉండే తిరిగే తల, ఒక రింగు మీద కూర్చుంటుంది, దాన్ని ఎత్తి పక్కన పెట్టవచ్చు. ముందు గేరుపెట్టె మూత బోల్టులతో బిగించినది. ఎం4ఏ4కు చివరి వరకు అది మూడు ముక్కల మూతే. బోగీలు బోల్టులతో హల్‌కు వేలాడతాయి. పక్కల మీద అదనంగా వెల్డ్ చేసిన కవచ పలకలు ఉంటాయి. ముందు మెషిన్‌గన్ బంతి ఒక గుంటలో ఇమిడి ఉంటుంది. కర్మాగారాలు కూడా ఈ చోట్లలోనే భాగాలు మార్చుకున్నాయి. మోడల్ కట్టేవాడు అక్కడ మార్చుకుంటే ఎవరూ తప్పు పట్టలేరు.

ఈ లెక్కన చూస్తే దారి తేటతెల్లమైంది. ఫైర్‌ఫ్లై అంటే బ్రిటిష్ వారు షెర్మన్‌లో 17 పౌండర్ అనే తమ పొడుగు ఫిరంగి అమర్చిన రూపం. నా దగ్గరున్నది ఎం4ఏ4 మీద కట్టిన 5సి రకం. అంటే ఆ కిట్టు హల్ పుట్టుకతోనే పొడుగుది, 83 లింకులది, ఉబ్బులు ఉన్నది. నేను చేయాల్సింది బ్రిటిష్ వర్క్‌షాపు చేసిన మార్పులను వెనక్కి తిప్పడం. 17 పౌండర్ టరెట్ తీసి, ఎం4 కిట్టు నుంచి 75 మిల్లీమీటర్ల ఫిరంగి టరెట్ పెట్టాలి. మూసేసిన ముందు మెషిన్‌గన్ రంధ్రాన్ని తెరవాలి. వెనక కప్పు మీద పొడుగు ఫిరంగి గొట్టం ఆనించే ఊత తీసేయాలి. హల్‌ను ఎక్కడా అడ్డంగా కోయనక్కర్లేదు.

టరెట్ రింగు

షెర్మన్ టరెట్ రింగు లోపలి వ్యాసం 69 అంగుళాలు. 1/35లో 50.07 మిల్లీమీటర్లు. ఫైర్‌ఫ్లై హల్ మీది రంధ్రం నా వెర్నియర్‌లో 50.2 చూపింది. ఎం4 టరెట్ అడుగున హల్‌లోకి దిగే అంచు 49.1. దాని మీద రెండు చెవులు, తిప్పితే గడియలా పడేవి. ఆ చెవులకు తగిన గాడులు ఈ హల్‌లో లేవు.

చెవులను పదునైన కత్తితో పొరలు పొరలుగా తీసేశాను, ఒక్క వేటున కోయలేదు. ఒక్కసారిగా కోస్తే ఆ ప్లాస్టిక్ అంచుతో సహా పెళ్లలుగా ఊడుతుంది. తర్వాత 0.25 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటులోంచి సన్న పట్టీ కోసి అంచు చుట్టూ రెండు చుట్లు చుట్టాను. ఒక్కో చుట్టుకు వ్యాసం అర మిల్లీమీటరు పెరుగుతుంది. రెండు చుట్లకు 50.1 వచ్చింది. మొదటి చుట్టు పూర్తిగా ఆరడానికి ఒక రాత్రి ఇచ్చాను. పట్టీ కొసలు రెండు చుట్లలోనూ ఒకే చోట పడకుండా ఎదురెదురుగా పెట్టాను, లేకపోతే అక్కడ బొడిపె వస్తుంది. చివరికి టరెట్ హల్‌లో వేలితో నొక్కితే దిగేంత బిగువుగా, తిప్పితే తిరిగేంత వదులుగా కుదిరింది. ఊడి పడకుండా లోపల రెండు చిన్న అయస్కాంతాలు అంటించాను.

ఎత్తు కూడా చూసుకోవాలి. టరెట్ కింద, హల్ పైన ఒక సన్నని సందు ఉండటం షెర్మన్ స్వభావం. దాన్ని పూర్తిగా మూసేసినా, మరీ ఎక్కువ తెరిచినా బండి ముఖం మారిపోతుంది. ముందు నుంచి కంటి ఎత్తులో తీసిన ఫోటోలతో పోల్చి, హల్ లోపలి వైపు మెట్టును 0.3 మిల్లీమీటర్లు అరగదీశాక సరిపోయింది.

ఆకారం తర్వాత చర్మం. షెర్మన్ 5 హల్ సాగగొట్టిన ఉక్కు పలకలను వెల్డ్ చేసినది, నున్నగా ఉంటుంది. టరెట్ పోత ఉక్కుది, ఇసుక అచ్చులోంచి వచ్చిన గరుకు దానికుంటుంది. ఎం4 టరెట్ ప్లాస్టిక్ అద్దంలా మెరుస్తోంది. ఫైర్‌ఫ్లై కిట్టులోని గేరుపెట్టె మూతకు మంచి పోత గరుకు ఉంది. రెండూ ఒకే బండి మీద పక్కపక్కన నిలబడితే ఒకటి కుండలా, ఒకటి స్టీలు గిన్నెలా కనబడ్డాయి. టరెట్ మీద పలుచని జిగురు ధారాళంగా పూసి, ప్లాస్టిక్ మెత్తబడిన ఆ అర నిమిషంలో, కుచ్చు కురచగా కత్తిరించిన పాత బ్రష్‌తో నిలువుగా పొడిచాను. చేతివెడల్పు ప్రాంతం ఒకేసారి కాదు, రూపాయి బిళ్లంత చోటు చొప్పున. ఆరాక ఎమరీ కాగితంతో తేలికగా ఒకసారి తుడిస్తే గరుకు కొనలు పోయి పోత ఉక్కు నిలిచింది.

పోత భాగాల మీద కర్మాగారాలు ఉబ్బెత్తు అక్షరాలు, అంకెలు వేసేవి. వాటిని బయట కొనలేదు. కిట్టు భాగాలు వేలాడే ప్లాస్టిక్ కాడల మీద భాగాల నంబర్లు చిన్న ఉబ్బెత్తు అంకెలుగా ఉంటాయి కదా, వాటినే కొత్త బ్లేడుతో కాగితం మందాన చెక్కి, బ్రష్ కొనకు అంటించి ఎత్తి, టరెట్ కింది అంచున వరుసగా నిలిపాను. రెండు కిట్ల కాడల నుంచి అంకెలు వచ్చాయి. పాత కిట్టులో అంకెలు మరీ లావు, పనికిరాలేదు.

టరెట్ కుడి చెంప మరో ముఖ్యమైన చోటు. తొలి 75 మిల్లీమీటర్ల టరెట్లలో గన్నర్ ముందున్న తిప్పుడు యంత్రానికి చోటివ్వడానికి లోపలి గోడను పలచన చేశారు. ఆ బలహీనతను కప్పడానికి తర్వాత బయట ఒక అదనపు పలక వెల్డ్ చేశారు. ఎం4 కిట్టులో ఆ పలక లేదు. ప్లాస్టిక్ షీటును ఆ ఆకారానికి కోసి, మరిగే నీళ్లలో పట్టకారుతో పది సెకన్లు ముంచి, టరెట్ చెంపకు బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. మూడో ప్రయత్నానికి వంపు కుదిరింది. అంచుల చుట్టూ వెల్డింగు గీత కోసం, కాడను కొవ్వొత్తి మీద వేడిచేసి లాగి తీసిన సన్న దారాన్ని జిగురుతో మెత్తబరచి, కత్తి వీపుతో అడ్డంగా ఒత్తుకుంటూ పోయాను. నా కన్ను ఎక్కువసేపు నిలిచేది ఇప్పటికీ ఈ రెండు సెంటీమీటర్ల వెల్డింగు మీదే.

ముందు మెషిన్‌గన్

ఫైర్‌ఫ్లైలో 17 పౌండర్ గుళ్లు పెద్దవి. వాటికి చోటు కావాలని ముందు మెషిన్‌గన్నర్‌ను తీసేసి, ఆ సీటు దగ్గర గుళ్లు పేర్చి, రంధ్రాన్ని కవచపు మూతతో మూసేశారు. నా కిట్టులో ఆ మూత విడి భాగం. దాన్ని అతికించకుండా ఒక అగ్గిపెట్టెలో దాచాను. ఎందుకు దాచానో చివర్లో చెబుతాను.

మెషిన్‌గన్ బంతి పాత కిట్టు నుంచి తీసుకున్నాను. ఆ కిట్టు హల్ లావైనా ఈ చిన్న భాగం చక్కగా ఉంది. బంతి చుట్టుకొలత మాత్రం రంధ్రానికి కాస్త ఎక్కువ. డ్రిల్లు పెట్టి పెద్దది చేయబోయి ఆగాను. డ్రిల్లు బిట్టు ఏటవాలు పలక మీద జారి రంధ్రాన్ని కోడిగుడ్డులా చేస్తుంది. టూత్‌పిక్‌కు ఎమరీ కాగితం చుట్టి, ఇరవై చుట్లు తిప్పడం, బంతి పెట్టి చూడటం, మళ్లీ ఇరవై చుట్లు. గంట పట్టింది. బంతి లోపలి నుంచి వచ్చి పిడికిలి సగం బిగించినట్టు ఇమిడింది.

వెనక కప్పు మీద ఊత కోసం ఉన్న రెండు రంధ్రాలను పుట్టీతో నింపలేదు. పుట్టీ ఆరాక కుంగుతుంది, ఆరు నెలల తర్వాత రంగు కింద పల్లం తేలుతుంది. అదే కిట్టు కాడను సన్నగా లాగి, రంధ్రంలో జిగురుతో దిగేసి, మర్నాడు కోసి, ఆకురాయితో సమం చేశాను. అదే ప్లాస్టిక్ కాబట్టి ఒకేలా అరిగింది.

పక్కల మీద అదనపు కవచ పలకలు గుళ్లు దాచే చోట్లను కాపాడటానికి వెల్డ్ చేసినవి, కుడి వైపు రెండు, ఎడమ వైపు ఒకటి. మందం ఒక అంగుళం, మన స్కేలులో 0.73 మిల్లీమీటర్లు. బజారులో దొరికే 0.75 షీటు సరిపోయింది. రాణిగంజ్‌లో హెడ్‌లైట్ల కాపుదలకు సన్న ఇత్తడి తీగ కూడా తెచ్చుకున్నాను. దాని గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు, పెన్సిలు చుట్టూ వంచితే చాలు.

రెండు లింకుల కొరత

ఫైర్‌ఫ్లై కిట్టులో చైను రబ్బరు పట్టీగా వచ్చింది. పొడవు సరైనదే, కానీ చక్రాల మధ్య లోహపు చైనుకు ఉండే బరువు దానిలో కనబడదు. విడి లింకుల పెట్టె ఒకటి కొన్నాను. అది మామూలు షెర్మన్ కోసం తయారైనది. పక్కకు 79 చొప్పున 158 లింకులు, పైన విడిగా కొన్ని, మొత్తం 164 లెక్కపెట్టాను. నాకు కావలసినవి 166.

రెండు లింకుల కోసం ఇంకో పెట్టె కొనడానికి మనసొప్పలేదు. లింకులను కాస్త సాగదీసి అతికిస్తే సరిపోతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. లెక్క వేశాను. లింకు నుంచి లింకుకు దూరం అసలు బండిలో 6 అంగుళాలు, స్కేలులో 4.35 మిల్లీమీటర్లు. పక్కకు ఒక లింకు లోటును మిగిలిన 82 లింకుల మీద పంచితే ఒక్కోదానికి 0.05 మిల్లీమీటరు పడుతుంది. కంటికి తెలియదు. కానీ ముందున్న పళ్ల చక్రం పళ్లకు తెలుస్తుంది. నాలుగు పళ్లు దాటేసరికి లింకు పంటి మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఆ దారి వదిలేశాను.

వేడి నీళ్లలో మెత్తబడి, చల్లారాక గట్టిపడే ప్లాస్టిక్ కడ్డీని ముద్దచేసి, ఒక లింకును దానిలో ముందు వైపు, ఆరాక వెనక వైపు ఒత్తి రెండు ముక్కల అచ్చు తీశాను. అచ్చులో ఎం-సీల్ నింపాను. నల్లాకు కారుడు ఆపడానికి ప్రతి ఇంట్లో ఉండే ఎం-సీలే. రెండు ముద్దలను సమానంగా, రంగు ఒక్కటయ్యే వరకు పిసికి, మూల మూలకూ దిగేలా సూదితో కుక్కాలి. ఆరు తీశాను. నాలుగింటిలో గాలి బుడగలు మిగిలాయి. మంచి రెండూ పక్కకు ఒకటి చొప్పున, పై వరుసలో హల్ నీడ పడే చోట పెట్టాను. రంగు వేశాక ఏవి అవో నాకే వెతుక్కోవలసి వస్తోంది.

మూడు రంగుల ప్లాస్టిక్, ఒక ప్రైమర్

జోడించడం పూర్తయిన రోజు మోడల్ మూడు రంగుల్లో ఉంది: ఫైర్‌ఫ్లై లేత గోధుమ, ఎం4 ముదురు ఆకుపచ్చ, పాత కిట్టు బూడిద. ఈ దశలో కంటిని నమ్మకూడదు. రంగు తేడా దృష్టిని లాగేస్తుంది, గీతలు, సందులు దాగిపోతాయి. బూడిద ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే పూత) పలచగా కొట్టి, దీపాన్ని పక్క నుంచి పెట్టి తిప్పి చూస్తే మెషిన్‌గన్ బంతి కింద వెంట్రుకంత సందు, కుడి కవచ పలక మూలలో జిగురు మరక, టరెట్ వెనక రెండు చోట్ల గరుకు సరిగా రాకపోవడం కనిపించాయి. దిద్ది, మళ్లీ ప్రైమర్ కొట్టాను. మూడోసారికి మూడు కిట్లు పోయి ఒక్క బండి మిగిలింది. పదకొండు వారాల పనిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన సాయంత్రం అది.

పై రంగు అమెరికా నుంచి వచ్చిన ఆలివ్ డ్రాబ్, మాసిన ఆకుపచ్చ. టరెట్ పక్క సి స్క్వాడ్రన్‌కు బ్రిటిష్ పద్ధతిలో వాడే వృత్తం గుర్తు. స్టెన్సిలు కోసి రంగుతో వేశాను, డెకాల్ (తడిపి అంటించే అచ్చు బొమ్మ) వాడలేదు. గరుకు టరెట్ మీద డెకాల్ సరిగా అంటుకోదు, అంచుల కింద వెండిలా మెరుస్తుంది.

దుమ్ము గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. బర్మా అనగానే అడవి, వాన, బురద అనుకుని చాలామంది మోడళ్లను బురదలో ముంచేస్తారు. మెయిక్తిలా మధ్య బర్మాలోని మెట్ట ప్రాంతం. తాటిచెట్లు, ఎండిన పొలాలు, ఎర్రటి ఎండ. 17వ భారత డివిజన్, 255వ ట్యాంకు బ్రిగేడ్ 1945 ఫిబ్రవరిలో ఐరావతి దాటి, మార్చి మొదటి వారంలో ఆ పట్టణాన్ని పట్టుకున్నాయి. ఆ నెలంతా జపాన్ సేనలు చుట్టుముట్టి ఎదురుదాడులు చేశాయి. కొందరు జపాన్ సైనికులు విమాన బాంబు ఒళ్లో పెట్టుకుని గుంటల్లో కూర్చుని ట్యాంకు పైకి రావడం కోసం కాచుకున్నారు. ఆ నేల మీద నడిచిన బండికి బురద ఉండదు, పొడి దుమ్ము ఉంటుంది. మన మెట్ట పొలాల్లో వేసవిలో ట్రాక్టరు మీద పేరుకునే దుమ్ము చూసినవారికి అది ఎక్కడ నిలుస్తుందో తెలుసు: బోల్టు తలల చుట్టూ, వెల్డింగు గీతల కింద, బోగీ చేతుల పైన. మనిషి చేయి, కాలు తగిలే చోట నిలవదు.

మా ఊరి మట్టినే వస్త్రకాయం పట్టి వాడాలని ఆశపడ్డాను. పాడైన పాత హల్ మీద ముందు చల్లి చూశాను. గుడ్డలోంచి దిగిన రేణువు 0.1 మిల్లీమీటరు ఉన్నా అసలు బండి మీద అది 3.5 మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. ట్యాంకు మీద కంకర పోసినట్టు కనబడింది. సుద్ద రంగు కడ్డీలను ఎమరీ కాగితం మీద అరగదీసిన పొడి, అందులో మూడు వంతులు గోధుమ, ఒక వంతు బూడిద, సరిగ్గా పనికొచ్చింది. పొడిని మెత్తటి బ్రష్‌తో కింది నుంచి పైకి పల్చబరుస్తూ వెళ్లాను.

మనుషులను పెట్టలేదు. నా దగ్గరున్న బొమ్మలన్నీ యూరప్ చలికాలపు దుస్తుల్లో ఉన్నాయి. వాటిని దక్కన్ హార్స్ సిబ్బందిగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. కమాండర్ మూత తెరిచి ఉంచాను, అంతే.

మిగిలిన భాగాలు

పని అయ్యాక పెట్టెలు సర్దుతుంటే బల్ల మీద రెండు పెద్ద వస్తువులు మిగిలాయి: ఫైర్‌ఫ్లై కిట్టులోని 17 పౌండర్ టరెట్, ఎం4 కిట్టులోని చెక్కు చెదరని హల్. బ్రిటిష్ వర్క్‌షాపులు 17 పౌండర్‌ను ఎం4ఏ4కే కాక మామూలు ఎం4కు కూడా అమర్చాయి. ఆ బండి పేరు షెర్మన్ ఫైర్‌ఫ్లై 1సి. 79 లింకుల చైను, పొట్టి హల్, పొడుగు ఫిరంగి. అందుకే అగ్గిపెట్టెలో మెషిన్‌గన్ రంధ్రపు మూత దాచాను, వెనక కప్పు ఊత కూడా పారేయలేదు. ఎం4 హల్ రంధ్రం వ్యాసం కొలిచాను, 49.4. ఫైర్‌ఫ్లై టరెట్ అంచు 50. ఈసారి పట్టీ చుట్టడం కాదు, రంధ్రాన్నే అరగదీయాలి. ఆ రెండు అంకెలు పెట్టె మూత మీద పెన్సిలుతో రాసి, అగ్గిపెట్టెను లోపల పెట్టి, పెట్టెను కింది అరలో ముందు వరుసలో ఉంచాను.